పొటెన్షియోమీటర్: నిరోధ విలువలు, సర్క్యూట్‌లో ప్రత్యామ్నాయాలు

పొటెన్షియోమీటర్ అంటే చేత్తో తిప్పి గానీ జరిపి గానీ విలువ మార్చుకోగలిగే మూడు కాళ్ల నిరోధకం. రేడియో వాల్యూమ్, ఆంప్లిఫయర్‌లో బాస్, ట్రెబుల్, పవర్ సప్లైలో వోల్టేజి సర్దే నాబ్, సీలింగ్ ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్... వీటన్నిటి వెనక పనిచేసేది ఇదే. మెకానిక్కులు దీన్ని ‘పాట్’ అనో ‘వాల్యూమ్ కంట్రోల్’ అనో అంటారు. బోర్డు మీదే ఉండి స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న రకం ‘ప్రీసెట్’.

తిరిగే భాగం కాబట్టి మిగతా విడిభాగాల కంటే ముందు అరిగేది ఇదే. మార్చాలని బజారుకు వెళ్తే అచ్చంగా అదే విలువ దొరక్కపోవచ్చు. దొరికినదాన్ని వేయవచ్చా అన్న ప్రశ్నకు జవాబు పాట్ మీద ముద్రించిన అంకెలో సగమే ఉంటుంది. మిగతా సగం ఆ పాట్ సర్క్యూట్‌లో ఏ పని చేస్తోందన్న దానిలో ఉంటుంది. వోల్టేజిని పంచే పాట్ విలువ రెండింతలైనా చాలాసార్లు ఏ తేడా కనిపించదు. నిరోధంగానే పనిచేసే పాట్ విలువ సగానికి తగ్గితే మాత్రం సర్క్యూట్ నడకే మారిపోతుంది.

చరిత్ర

జర్మన్ భౌతిక శాస్త్రవేత్త యోహాన్ క్రిస్టియన్ పోగెన్‌డార్ఫ్ 1841లో వివరించిన పొటెన్షియోమీటర్ ఒక కొలత పరికరం. బిగించి కట్టిన తీగ పొడవునా వోల్టేజి సమానంగా తగ్గుతూ పోతుంది. తెలియని సెల్ విద్యుచ్చాలక బలాన్ని ఆ తీగ మీది ఒక బిందువుతో సరితూచినప్పుడు గాల్వనామీటర్ ముల్లు సున్నా దగ్గర నిలుస్తుంది. అప్పుడు సెల్ నుంచి కరెంటు ప్రవహించదు కాబట్టి కొలత కచ్చితంగా వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్మీడియెట్ ఎంపీసీ, బైపీసీ చదివినవారికి ఇది పరిచయమైన పాఠమే: చెక్క పలక మీద వరుసగా బిగించిన తీగలు, వాటి మీద జాకీని తాకిస్తూ సంతులన బిందువును వెతకడం, రెండు సెల్‌ల విద్యుచ్చాలక బలాలను పోల్చడం. ఆ జాకీ చేసే పనినే నేటి పాట్‌లో వైపర్ చేస్తుంది.

అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఆర్నాల్డ్ బెక్‌మన్ తన పీహెచ్ మీటర్‌కు కావలసినంత సూక్ష్మంగా సర్దగలిగే పాట్ కోసం నిరోధక పట్టీని సర్పిలంగా చుట్టి, పది చుట్లు తిరిగే ‘హెలిపాట్’ను రూపొందించాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాడార్ పరికరాల వల్ల దానికి గిరాకీ పెరిగింది. మార్లన్ బౌర్న్స్ 1947లో కాలిఫోర్నియాలో స్థాపించిన సంస్థ 1952లో ‘ట్రిమ్‌పాట్’ అనే బుల్లి సర్దుబాటు పాట్‌ను తెచ్చింది. నేటి బహుళ చుట్ల ప్రీసెట్లు ఆ బాటలో వచ్చినవే.

నిర్మాణం

మామూలు పాట్ మూత విప్పితే గుర్రపు నాడా ఆకారంలో నల్లని కార్బన్ ట్రాక్ కనిపిస్తుంది. దాని రెండు కొసలు రెండు చివరి కాళ్లకు, ట్రాక్ మీద జారే లోహపు వైపర్ నడిమి కాలికి కలిసి ఉంటాయి. షాఫ్ట్ తిరిగే పరిధి సుమారు 270 నుంచి 300 డిగ్రీలు. చివరి కాళ్ల మధ్య నిరోధం ఎటు తిప్పినా మారదు. పాట్ మీద రాసే విలువ అదే. వైపర్‌కు, ఒక కొసకు మధ్య నిరోధం పెరుగుతుంటే రెండో కొసతో ఉన్న నిరోధం అంత మేరకు తగ్గుతుంది.

ట్రాక్‌ను కార్బన్‌తోనే కాక సెర్మెట్‌తో, కండక్టివ్ ప్లాస్టిక్‌తో, చుట్టిన నిరోధ తీగతో కూడా చేస్తారు. కార్బన్ చవక. సెర్మెట్ వేడికి నిలుస్తుంది. తీగ చుట్టినది ఎక్కువ కరెంటు తట్టుకుంటుంది గాని విలువ చుట్టు చుట్టుకీ మెట్లు మెట్లుగా మారుతుంది. ఎక్కువసార్లు తిప్పాల్సిన చోట కండక్టివ్ ప్లాస్టిక్ మన్నుతుంది. ప్రీసెట్లు తరచూ తిప్పడానికి చేసినవి కావు. విరివిగా వాడే 25 చుట్ల 3296 రకానికి తయారీదారు ఇచ్చే మన్నిక 200 ఆవృత్తాలే. అందుకే ప్రీసెట్‌ను వాల్యూమ్ కంట్రోల్‌గా వాడకూడదు.

విలువలు, గుర్తులు

నేడు దొరికే పాట్లలో ఎక్కువ భాగం 1, 2, 5 వరుసలో ఉంటాయి: 1, 2, 5, 10, 20, 50, 100, 200, 500 కిలోఓమ్‌లు, ఆపైన 1 మెగాఓమ్. పాత పరికరాల్లోనూ భారతీయ బజారులోనూ 2.2, 4.7, 22, 47, 220, 470 కిలోఓమ్‌ల వరుస కనిపిస్తుంది. అమెరికన్ పరికరాల్లో 25, 250 కిలోఓమ్‌లు కూడా మామూలే.

ఈ వరుసల మధ్య తేడా చూసి కంగారు పడనక్కర లేదు. కార్బన్ పాట్లకు సాధారణంగా 20 శాతం అటూ ఇటూ టాలరెన్స్ ఉంటుంది. అంటే 5 కిలోఓమ్ అని రాసిన పాట్‌ను మల్టీమీటర్‌తో కొలిస్తే 4 నుంచి 6 కిలోఓమ్‌ల మధ్య ఎంతైనా చూపవచ్చు. కాబట్టి 4.7 స్థానంలో 5, 47 స్థానంలో 50, 220 స్థానంలో 200 లేదా 250, 470 స్థానంలో 500 కిలోఓమ్‌లు దాదాపు ఎక్కడైనా నిశ్చింతగా వేయవచ్చు. అసలు పాట్‌లోనే అంతకు మించిన తేడా ఉండి ఉండవచ్చు.

చిన్న పాట్ల మీద విలువను మూడంకెల కోడ్‌గా రాస్తారు. మొదటి రెండు అంకెల పక్కన మూడో అంకె చెప్పినన్ని సున్నాలు పెట్టుకోవాలి. 103 అంటే 10,000 ఓమ్‌లు, 502 అంటే 5,000 ఓమ్‌లు, 504 అంటే 5,00,000 ఓమ్‌లు, అనగా 500 కిలోఓమ్‌లు.

విలువకు ముందో వెనకో ఉండే అక్షరం నిరోధానికి సంబంధించినది కాదు, టేపర్‌ను, అంటే షాఫ్ట్ తిప్పేకొద్దీ నిరోధం మారే తీరును తెలిపేది. ఆసియా తయారీ పాట్లలో ‘బి10కె’ అంటే 10 కిలోఓమ్‌ల లీనియర్, ‘ఏ100కె’ అంటే 100 కిలోఓమ్‌ల లాగ్, ‘సి’ అంటే తిరగేసిన లాగ్. అయితే కొన్ని యూరోపియన్ కంపెనీలు ‘ఏ’ అక్షరాన్ని లీనియర్‌కు వాడాయి. అక్షరాన్ని నమ్ముకునే బదులు షాఫ్ట్‌ను సరిగ్గా మధ్యలో పెట్టి కొలవడం మేలు. రెండు వైపులా దాదాపు సమానంగా వస్తే లీనియర్. ఒకవైపు మొత్తంలో 10 నుంచి 20 శాతమే వస్తే లాగ్ రకం.

టేపర్ ఎందుకు?

మన చెవి శబ్దాన్ని లాగరిథమిక్‌గా గ్రహిస్తుంది. శబ్దం రెండింతలైనట్టు అనిపించడానికి శక్తి సుమారు పదింతలు కావాలి. వాల్యూమ్‌కు లీనియర్ పాట్ పెడితే సగం తిప్పేసరికి సగం వోల్టేజి, అంటే పూర్తి స్థాయి కంటే 6 డెసిబెల్స్ మాత్రమే తక్కువ వస్తుంది. మొదటి పావు తిప్పులోనే చెవులు హోరెత్తి, మిగతా ముప్పావు తిప్పినా పెద్దగా తేడా తెలియదు. మధ్యలో 10 శాతం ఇచ్చే లాగ్ పాట్ అదే చోట 20 డెసిబెల్స్ తగ్గిస్తుంది కాబట్టి నాబ్ తిరిగినంత మేర శబ్దం పెరుగుతున్నట్టు వినిపిస్తుంది.

లాగ్ పాట్ దొరక్కపోతే లీనియర్‌తోనే దగ్గరి వంపు సాధించవచ్చు. 100 కిలోఓమ్‌ల లీనియర్ పాట్ నడిమి కాలికి, గ్రౌండ్ కాలికి మధ్య 10 కిలోఓమ్‌ల స్థిర నిరోధకాన్ని కలిపారనుకుందాం. నాబ్ మధ్యలో ఉన్నప్పుడు కింది 50 కిలోఓమ్‌లు, ఈ 10 కిలోఓమ్‌లు సమాంతరంగా కలిసి సుమారు 8.3 కిలోఓమ్‌లవుతాయి. పైన 50 కిలోఓమ్‌లు అలాగే ఉంటాయి. ఫలితంగా వోల్టేజి 50 శాతానికి బదులు 14 శాతం వద్ద నిలుస్తుంది. కాని నాబ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందున్న దశకు కనిపించే నిరోధం 100 నుంచి 9 కిలోఓమ్‌లకు దిగుతుంది. ఆ బరువు మోయగల ఆప్‌ఆంప్ లాంటిది ముందుంటేనే ఈ ఉపాయం పనికొస్తుంది.

వోల్టేజి విభాజకంగా ఉన్నప్పుడు

మూడు కాళ్లూ మూడు వేర్వేరు చోట్లకు కలిసి ఉంటే పాట్ విభాజకంగా పనిచేస్తున్నట్టు. ఒక కొసకు సిగ్నల్ లేదా వోల్టేజి, రెండో కొసకు గ్రౌండ్, నడిమి కాలు నుంచి అవుట్‌పుట్. ఇక్కడ లెక్కలోకి వచ్చేది నిష్పత్తి. 10 కిలోఓమ్‌ల పాట్‌కైనా 50 కిలోఓమ్‌ల పాట్‌కైనా మధ్యలో సగం వోల్టేజే వస్తుంది. అందుకే ప్రత్యామ్నాయానికి ఇక్కడ వెసులుబాటు ఎక్కువ. అయినా దానికీ హద్దులున్నాయి.

మొదటి హద్దు లోడ్. మధ్యలో ఉన్న 10 కిలోఓమ్‌ల పాట్‌కు 10 కిలోఓమ్‌ల లోడ్ తగిలిస్తే కింది సగం 5 నుంచి 3.33 కిలోఓమ్‌లకు పడిపోయి, అవుట్‌పుట్ 50 శాతానికి బదులు 40 శాతమే వస్తుంది. లోడ్ 100 కిలోఓమ్‌లైతే 48.8 శాతం. లోడ్ పాట్ విలువకు కనీసం పదింతలుండాలన్న పనివారి లెక్క ఇక్కడి నుంచి వచ్చిందే.

రెండోది కెపాసిటెన్స్. విభాజకంలోని పాట్ తన తర్వాతి దశకు చూపే నిరోధం మధ్యలో గరిష్ఠంగా ఉంటుంది. అది మొత్తం విలువలో నాలుగో వంతు. 100 కిలోఓమ్‌ల పాట్‌కు 25, 1 మెగాఓమ్ పాట్‌కు 250 కిలోఓమ్‌లు. తర్వాత వచ్చే షీల్డ్ వైరు కెపాసిటెన్స్ 100 పికోఫారాడ్‌లైతే 100 కిలోఓమ్‌ల పాట్‌తో 60 కిలోహెర్ట్జ్ దాకా సిగ్నల్ బాగానే సాగుతుంది. 1 మెగాఓమ్‌తో 6.4 కిలోహెర్ట్జ్ దగ్గరే పడిపోవడం మొదలై, తాళాల కొసలు, పాటలోని ‘స’, ‘శ’లు మందగిస్తాయి.

మూడోది ముందున్న కప్లింగ్ కెపాసిటర్. 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ తర్వాత 100 కిలోఓమ్‌ల పాట్ ఉంటే బాస్ 16 హెర్ట్జ్ దాకా దిగుతుంది. అక్కడ 10 కిలోఓమ్‌లది వేస్తే ఆ హద్దు 159 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది. మృదంగం తొప్పి వైపు మోగే గుమ్మకం కళ తప్పుతుంది. ఆడియోలో వాల్యూమ్ పాట్‌ను సగానికో రెట్టింపుకో మార్చినా తేడా తెలియదు గాని, పదింతలు మార్చితే తెలిసిపోయేది ఈ రెండు కారణాల వల్లే. ఎలక్ట్రిక్ గిటార్‌లో పాట్ నేరుగా పికప్ మీదే లోడ్ కాబట్టి అక్కడ రెండింతల తేడా కూడా వినిపిస్తుంది. సింగిల్ కాయిల్ పికప్‌లకు 250, హంబకర్‌లకు 500 కిలోఓమ్‌లు వాడడం ఆనవాయితీ.

మైక్రోకంట్రోలర్లకూ ఇదే లెక్క. ఆర్డ్యునో ఊనోలోని ఏటీమెగా328పి చిప్ అనలాగ్ పిన్‌కు 10 కిలోఓమ్‌లకు మించని సోర్స్ నిరోధం ఉండాలని తయారీదారు సూచన. 10 కిలోఓమ్‌ల పాట్ గరిష్ఠంగా చూపేది 2.5 కిలోఓమ్‌లే కనుక 0 నుంచి 1023 వరకు రీడింగ్ నిలకడగా వస్తుంది. 5 కిలోఓమ్‌లున్నా, 22 కిలోఓమ్‌లున్నా తేడా రాదు. 1 మెగాఓమ్ పెడితే అంకెలు ఊగుతాయి. 100 ఓమ్‌లది పెడితే 5 వోల్టుల నుంచి 50 మిల్లీయాంపియర్ల కరెంటు ఊరికే ప్రవహించి, చిన్న పాట్ పావు వాట్ వేడితో కాలుతుంది.

రియోస్టాట్‌గా ఉన్నప్పుడు

నడిమి కాలును ఒక కొసతో కలిపేసి రెండు కాళ్లే వాడితే పాట్ రియోస్టాట్ అవుతుంది. ఇక్కడ నిష్పత్తి లేదు, ఓమ్‌ల విలువే సర్వస్వం.

555 టైమర్ దీనికి తేలికైన ఉదాహరణ. ఎల్ఈడీ మినుకుమినుకుమనే సర్క్యూట్‌లో పై నిరోధం 1 కిలోఓమ్, కింది నిరోధంగా 1 కిలోఓమ్‌తో వరుసగా 100 కిలోఓమ్‌ల పాట్, 10 మైక్రోఫారాడ్ కెపాసిటర్ ఉన్నాయనుకుందాం. పాట్ పూర్తిగా తిప్పితే సెకనుకు 0.7 సార్లు వెలుగుతుంది. 50 కిలోఓమ్‌ల పాట్ వేస్తే కనీస వేగమే 1.4 సార్లకు చేరుతుంది. అంతకంటే నెమ్మదించాలంటే కెపాసిటర్‌ను రెండింతలు చేయాలి. దాంతో గరిష్ఠ వేగం 48 నుంచి 24కు దిగుతుంది.

ఎల్ఎం317 రెగ్యులేటర్ చిప్ వాడే పవర్ సప్లైలో పొరపాటుకు మూల్యం ఎక్కువ. 240 ఓమ్‌ల నిరోధంతో 5 కిలోఓమ్‌ల పాట్ ఉంటే అవుట్‌పుట్ 1.25 నుంచి సుమారు 27 వోల్టుల వరకు సాగుతుంది. 10 కిలోఓమ్‌ల పాట్ వేస్తే లెక్క ప్రకారం 53 వోల్టులు. ఇన్‌పుట్‌లో అంత ఉండదు కాబట్టి నాబ్ సగం దాటాక ఏ మార్పూ ఉండదు. పాట్ మీద 10 కిలోఓమ్‌ల స్థిర నిరోధకాన్ని సమాంతరంగా కలిపితే గరిష్ఠం మళ్లీ 5 కిలోఓమ్‌లకు వస్తుంది గాని వంపు మారుతుంది. నాబ్ మధ్యలో 14.3 వోల్టుల చోట 18.6 వోల్టులొస్తాయి. అలా కాక 240 ఓమ్‌లను 470గా మార్చితే తిప్పు సమానంగానే ఉంటుంది, గరిష్ఠం సుమారు 28 వోల్టులవుతుంది. కాని అప్పుడు ఆ దారిలో 2.7 మిల్లీయాంపియర్లే ప్రవహిస్తాయి. ఎల్ఎం317 అదుపులో ఉండడానికి కొన్ని మిల్లీయాంపియర్ల కనీస లోడ్ అవసరం. అందువల్ల అవుట్‌పుట్ మీద ఒక బ్లీడర్ నిరోధకాన్ని అదనంగా వేయాల్సి వస్తుంది.

ఈ సర్క్యూట్‌లో వాడని కొసను నడిమి కాలితో కలపడం తప్పనిసరి. ఎప్పుడైనా వైపర్ ట్రాక్ మీద నుంచి లేచిపోతే, కలిపి ఉన్నప్పుడు నిరోధం 5 కిలోఓమ్‌ల దగ్గర ఆగుతుంది. కలపకపోతే దారి పూర్తిగా తెగి, ఇన్‌పుట్ వోల్టేజి దాదాపు మొత్తంగా అవతలి పరికరం మీద పడుతుంది.

ఫ్యాన్ రెగ్యులేటర్‌లో పాట్ విలువ ఒక హద్దు దాటితే ఏమవుతుందో లెక్కలోనే తేలుతుంది. బీటీ136 ట్రయాక్, డీబీ3 డయాక్ వాడే సర్క్యూట్‌లో పాట్ ద్వారా 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ ఛార్జ్ అవుతుంది. దాని మీద సుమారు 32 వోల్టులు చేరినప్పుడు డయాక్ తెరుచుకుని ట్రయాక్‌ను నడిపిస్తుంది. మన 230 వోల్టుల కరెంటుకు శిఖర వోల్టేజి 325, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. పాట్ 220 కిలోఓమ్‌లైతే కెపాసిటర్ మీద శిఖరం 47 వోల్టుల దాకా వెళ్లగలదు కాబట్టి చివరిదాకా తిప్పినా ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. అక్కడ 470 కిలోఓమ్‌ల పాట్ వేస్తే పూర్తి తిప్పులో 22 వోల్టులే చేరతాయి. డయాక్ తెరుచుకోదు, ఫ్యాన్ ఆగిపోతుంది. పాట్ 3 లక్షల 20 వేల ఓమ్‌లు దాటిన దగ్గర నుంచి మిగిలిన తిప్పంతా వృథా. ఆ 470 మీద మరో 470 కిలోఓమ్‌ల నిరోధకాన్ని సమాంతరంగా వేస్తే గరిష్ఠం 235కు దిగి పని జరుగుతుంది. ఈ పాట్ కాళ్లు నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటాయి కనుక ప్లాస్టిక్ షాఫ్ట్ ఉన్న రకమే వేయాలి, మెయిన్ ఆపాకే చేయి పెట్టాలి.

వాటేజి

పాట్ మీద చెప్పే వాటేజి ట్రాక్ మొత్తానికి వర్తించేది. రియోస్టాట్‌లో ట్రాక్‌లో కొద్ది భాగమే కరెంటు మోస్తుంటే ఆ కొద్ది భాగానికి అంత వేడిని భరించే శక్తి ఉండదు. అందువల్ల వాట్‌ల కంటే గరిష్ఠ కరెంటును చూడాలి. వాటేజిని నిరోధంతో భాగించి వర్గమూలం తీస్తే అది వస్తుంది. 0.2 వాట్‌ల 1 కిలోఓమ్ పాట్ 14 మిల్లీయాంపియర్లు తట్టుకుంటుంది. అదే 0.2 వాట్‌ల 10 కిలోఓమ్‌ల పాట్ 4.5 మిల్లీయాంపియర్లే. సైజు ఒకటే కదా అని పెద్ద విలువ వేసి ఎల్ఈడీ వెలుగు సర్దబోతే ట్రాక్ సున్నా కొస దగ్గర మాడుతుంది. ఎల్ఈడీకి వరుసగా ఒక స్థిర నిరోధకం ఉంటేనే పాట్ సున్నాకు చేరినా రెండూ దక్కుతాయి.

పరీక్ష, అమరిక

బోర్డులో ఉండగా కొలిస్తే పక్కనున్న భాగాలు సమాంతరంగా కలిసి విలువ తక్కువ చూపుతుంది. కనీసం రెండు కాళ్లు విప్పి కొలవాలి. ట్రాక్ మధ్యలో తెగి చివరి కాళ్ల మధ్య కొలత రాకపోతే, వైపర్‌ను ఒక్కో కొస నుంచి తెగిన చోటి దాకా నడిపి రెండు వైపులా వచ్చిన గరిష్ఠ విలువలను కూడితే అసలు విలువ సుమారుగా తెలుస్తుంది. గరగరమనే పాట్ ఎప్పుడూ చెడిపోయిందని కాదు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదే పదే తిప్పితే ట్రాక్ మీది దుమ్ము పోయి చాలావరకు బాగుపడుతుంది.

విలువ కుదిరినా షాఫ్ట్ కుదరకపోతే పని ఆగిపోతుంది. 6 మిల్లీమీటర్ల షాఫ్ట్‌లలోనే గుండ్రనివి, ఒక పక్క చదునైనవి, పళ్లున్నవి ఉంటాయి. కాళ్ల ఎడం, స్విచ్, స్టీరియోకు జంట ట్రాక్ కూడా చూసుకోవాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజారుకు పాత పాట్‌ను, దాని నాబ్‌ను వెంట తీసుకెళ్లడమే తేలిక మార్గం.

డిజిటల్ పాట్లు

తిరిగే భాగం లేకుండా చిప్ లోపలే నిరోధాల వరుసను స్విచ్‌లతో ఎంచుకునే పాట్లు ఇప్పుడు విరివిగా ఉన్నాయి. ఎక్స్9సి103 అనేది 100 మెట్ల 10 కిలోఓమ్‌ల చిప్, ఎంసీపీ41010 అనేది 256 మెట్ల 10 కిలోఓమ్‌ల చిప్. వీటిలో వైపర్ స్విచ్‌కే 40 నుంచి 100 ఓమ్‌ల నిరోధం ఉంటుంది కాబట్టి విభాజకంగా చక్కగా పనిచేసినా, సున్నా ఓమ్‌ల దాకా దిగాల్సిన రియోస్టాట్‌కు సరిపోవు. 5 వోల్టుల పరిధిలోనే వాడాలి కనుక పైన చెప్పిన 27 వోల్టుల పవర్ సప్లైలో గానీ ఫ్యాన్ రెగ్యులేటర్‌లో గానీ వేయకూడదు. వాల్యూమ్‌కు ఎంచుకునేటప్పుడు ఇంకో తేడా చూడాలి. ఎక్స్9సి103 చివరిసారి భద్రపరిచిన స్థానాన్ని కరెంటు పోయినా గుర్తుంచుకుంటుంది. ఎంసీపీ41010 కరెంటు వచ్చిన ప్రతిసారీ మధ్య స్థానంలో మొదలవుతుంది.